మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల వాస్తుసంపద: జావా రక్షణవిధానముతో ఒక తారతమ్య పరిశీలన

వాస్తుసంపద యనగానే మన మనస్సునకు స్ఫురించునవి గోపురములు, కోటలు, రాజభవనములు. శాసనపరిశోధకుడు శిలను వెదకును. చరిత్రకారుడు వంశక్రమమును వెదకును. పురావస్తుశాఖ కట్టడమును వెదకును. ప్రజలు తరతరములుగా కాపురమున్న ఇంటిని వెదకువారు అరుదు. ఇల్లు చరిత్రకు సాక్ష్యమగునా? అగునేని దానిని రక్షింపవలసిన బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలను మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలను ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. తారతమ్యమునకై ఆగ్నేయాసియాలోని ఇండొనీసియా దేశమును, అందును ముఖ్యముగా జావాద్వీపమును గ్రహించితిని. ఈ రెండు ప్రాంతములను కలుపు చారిత్రకసూత్ర మొకటి కలదు. అది కర్నల్ కాలిన్ మెకంజీ జీవితము.

సీమ స్వరూపము

ఈ మూడు ఊళ్ళును దక్కను పీఠభూమియొక్క ఆగ్నేయపు అంచున నున్నవి. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 2,200 అడుగుల ఎత్తున నున్నది. నేల ఎఱ్ఱగరప, అడుగున నల్లరాయి, వాన తక్కువ. చెఱువులే సేద్యమునకు ఆధారము. మంచి కలప దొరకుట అరుదు, రాయి దొరకుట సులభము. ఈ సీమ వాస్తుస్వరూపమంతయు ఈ రెండు విషయములనుండి పుట్టినదే యని చెప్పవచ్చును.

రాజకీయముగా మాత్రము మూడును ఒకే చరిత్ర కలవి కావు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప సీమలోనివి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే టిప్పు సుల్తానునుండి నిజామునకును, 1800లో నిజామునుండి ఈస్టిండియా కంపెనీకిని సంక్రమించిన దత్తమండలములలో ఇవి చేరినవి. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాడు జిల్లాకు చెందియుండెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు గాని ఇవి యొక్క గొడుగు క్రిందికి రాలేదు. కుప్పము ఇప్పటికిని తెలుగు, తమిళము, కన్నడము కలిసికొను ముక్కూడలి. పుంగనూరు జమీందారులు కన్నడసీమలోని సుగుటూరు పాలెగాండ్ర వంశమువారు. చిక్కరాయలను బిరుదు వహించినవారు. కావున ఈ సీమ వాస్తువును కేవలము ఆంధ్రమనియో, కేవలము ద్రావిడమనియో, కర్ణాటకమనియో ఒక పేరుతో ముడివేయుట యుక్తము కాదు.

మెకంజీ రెండు మజిలీలు

మెకంజీ స్కాట్లండునకు వాయవ్యముననున్న లూయిస్ ద్వీపమున 1754లో జన్మించెను. కంపెనీ సైన్యమున ఇంజనీరుగా జేరి, 1792 తరువాత నిజాము సేనతో నుండి, ఆతనికి క్రొత్తగా లభించిన సీమల సర్వే పనిని నిర్వహించెను. గుఱ్ఱంకొండ సీమ అట్టివానిలో నొకటి. తరువాత మైసూరు సర్వేయును, 1809 మొదలు దత్తమండలముల సర్వేయును ఆతని ఆధ్వర్యమున సాగినవి. సర్వే యనగా గొలుసు పట్టి నేలను కొలుచుట మాత్రమే కాదని ఆతడు భావించెను. కావలి బొఱ్ఱయ్య, కావలి లక్ష్మయ్య మున్నగు తెలుగు విద్వాంసుల సాహాయ్యమున ఊరూర శాసనములను, నాణెములను, వంశావళులను సేకరింపజేసెను. కరణముల దండకవిలెల ఆధారమున గ్రామచరిత్రలను వ్రాయించెను. అవియే కైఫియత్తులు.

కైఫియత్తులో నేమున్నదని చూచినచో మన ప్రశ్నకు వెలుగు లభించును. ఊరికి పేరెట్లు వచ్చెను, అడవిని కొట్టి ఊరు కట్టినవారెవరు, చెఱువును త్రవ్వించినదెవరు, గుడికి మాన్యమెంత, కోటకు బురుజులెన్ని, పాలెగానికి కట్నమెంత, ఏ కులములవారు ఎచ్చటినుండి వచ్చిరి అనునవి అందలి విషయములు. అందు గుడియు, కోటయు, చెఱువును, ఇల్లును వేర్వేరు వస్తువులు కావు. ఊరు ఒక్క ముద్దగా వర్ణింపబడినది. దృష్టి కట్టడముమీద కాదు, స్థలముమీద.

1811లో బ్రిటిషువారు జావాను డచ్చివారినుండి జయించినప్పుడు మెకంజీ ఆ దండయాత్రలో ప్రధాన ఇంజనీరుగా వెళ్ళి, 1813 వరకు ఆ ద్వీపమున నుండెను. ఆ కాలముననే దత్తమండలములలో నారాయణరావు మున్నగు ఆతని ఉద్యోగులు కైఫియత్తుల సేకరణ సాగించుచుండిరి. యజమాని జావాలో, వ్రాయసగాండ్రు రాయలసీమలో! 1812 జనవరిలో మెకంజీ మధ్యజావాలోని ప్రంబనాన్ శిథిలములను పరిశీలించి ఒక నివేదిక వ్రాసెను. అది 1814లో బటావియాలో ప్రకటితమయ్యెను. 1815లో ఆతడు భారతదేశపు ప్రథమ సర్వేయరు జనరలుగా నియుక్తుడై, 1821లో మరణించెను.

ఈ సందర్భమున మఱియొక వ్యక్తిని గూడ స్మరింపవలసియున్నది. వైద్యుడగు ఫ్రాన్సిస్ బుకానన్ 1795లో మైకేల్ సైమ్స్ రాయబారముతో బర్మాలోని ఆవా రాజధానికి వెళ్ళి వచ్చెను. అయిదేండ్ల పిమ్మట, 1800లో, చెన్నపట్టణమునుండి మైసూరు రాజ్యమును పరిశీలింప బయలుదేరి, పుంగనూరు కుప్పముల నడుమనున్న వెంకటగిరికోట మీదుగా పీఠభూమిని ప్రవేశించెను. మదనపల్లెకు సంబంధించిన మూడవ నిదర్శనము రవీంద్రనాథ ఠాకూరుది. 1919 ఫిబ్రవరిలో ఇచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో విడిదిచేసి, జనగణమన గీతమును ఆంగ్లమున వెలయించినది ఆతడే. 1927లో జావా, బలిద్వీపములను దర్శించి ప్రంబనాన్, బొరొబుదురులను చూచినదియు ఆతడే. ఈ మార్గము మనము తలచునంత దూరమైనది కాదు.

ప్రంబనాన్: శిథిలమునుండి రక్షణకు

ప్రంబనాన్ శివ, విష్ణు, బ్రహ్మలకు నిర్మింపబడిన ఆలయసముదాయము. మధ్యనున్న శివాలయము 47 మీటర్ల ఎత్తు కలది. ఆలయమును చుట్టి వచ్చు ప్రదక్షిణపథపు గోడలోపలివైపున రామాయణగాథ శిల్పరూపమున మలచబడినది. ప్రధానాలయముల చుట్టును 224 చిన్నగుడులు వరుసలు దీరియుండెను. క్రీ.శ. 856 నాటి శాసనము శివగృహ నిర్మాణమును బేర్కొనుచున్నది. కాలాంతరమున రాజధాని తూర్పుజావాకు తరలిపోయెను. భూకంపములు కట్టడములను కూల్చెను. ఊరివారు రాళ్ళను ఇండ్లకు వాడుకొనిరి. మెకంజీ చూచినది చెట్లు మొలచిన రాతికుప్పలను.

తొమ్మిదవ శతాబ్దమన్నచో మన సీమయందును అది మౌనకాలము కాదు. వైదుంబ మహారాజగు గండత్రిణేత్రుని కాలమది. మదనపల్లె, పుంగనూరు ప్రాంతముల వీరగల్లులు సోరెమడి యుద్ధమున గూలిన యోధులను స్మరించుచున్నవి. మదనపల్లె సమీపమునందలి చిప్పిలియందు ప్రాచీనాంధ్రశాసనములు లభించినవి. అచ్చట సముద్రమునకు ఆవల మహాలయము లేచుచుండగా, ఇచ్చట ఊరి పొలిమేరలో నిలువెత్తు బండపై ఖడ్గధారి యగు భటుని రూపమును, నాలుగు పంక్తుల తెలుగును చెక్కించిరి. రెండును శిలలే, ఒకటి రాజుది, రెండవది ఊరిది. ఏది గొప్ప యని యడుగుట చరిత్రకారుని పని కాదు. ఏది మిగులును, ఏల మిగులును అనునదియే ప్రశ్న.

ప్రంబనాన్ మిగులుటకు కారణము శాస్త్రీయమైన పునర్నిర్మాణము. కూలిన రాళ్ళను ఏరి, ఒక్కొక్కదాని పూర్వస్థానమును నిర్ణయించి, తిరిగి యెత్తు పద్ధతిని డచ్చి పండితులు జావాలో అభివృద్ధిచేసిరి. దానిని చూచి నేర్చుకొనిన ఫ్రెంచి వాస్తువేత్త ఆన్రీ మార్షల్ 1931లో కంబోడియాలోని బాంతియాయ్ స్రేయి ఆలయమున ప్రయోగించెను. మూలశిలలలో నూటికి 75 వంతులైనను లభింపనిచో గుడిని తిరిగి కట్టరాదనునది ప్రంబనానులో పాటింపబడిన నియమము. అందుచేతనే 224 చిన్నగుడులలో పెక్కు నేటికిని పునాదులుగానే యున్నవి. శివాలయ పునర్నిర్మాణము 1953లో ముగిసినది. 1991లో ప్రంబనాన్, బొరొబుదురు రెండును ప్రపంచవారసత్వపు పట్టికలో జేరినవి. 2006 మే 27 నాటి భూకంపమున ప్రంబనాన్ మరల దెబ్బతిని, మరల బాగుచేయబడినది.

ఇట్టి శ్రద్ధ మనకు క్రొత్త కాదు. నాగార్జునసాగర జలాశయమున మునుగనున్న నాగార్జునకొండను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, ముఖ్యకట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించిరి. శ్రీశైల జలాశయ సందర్భమున కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమున నిలిపిరి. ఆంధ్రదేశము గుడిని కాపాడుకొనుట ఎఱుగును. ఎఱుగనిది మఱియొకటి కలదు.

ఈ సీమలోని కట్టడములు

మదనపల్లెకు ఉత్తరమున గుఱ్ఱంకొండ కలదు. నిట్టనిలువుగా లేచిన బండకొండయే దానికి ప్రాకారము. మానవుడు కట్టినది ప్రకృతి విడిచిన సందులను పూడ్చుటకు మాత్రమే. ఒక గుఱ్ఱము కొండపై కావలియుండెననియు, అది యున్నంతకాలము కోట అజేయమనియు, ఒక మరాటీ దొంగ బండలో మేకులు దిగగొట్టుచు ఎక్కి దానిని అపహరించెననియు ఐతిహ్యము. విజయనగరానంతరము పాలెగాండ్రు, కడప నవాబులు, మరాటీలు, హైదరాలీ దీనికొఱకు పోరాడిరి. హైదరుని బావమఱదియగు మీర్ అలీ రజాఖాను ఇచ్చట అధికారము నెఱపెను. ఆతని సమాధి ఇచ్చట కలదు. 1791లో నిజాము సేనయు, కెప్టెన్ రీడ్ నడపిన ఆంగ్లదళమును ముట్టడింపగా దిగువకోట వశమయ్యెను. మఱుసటి యేటి సంధితో దుర్గమంతయు నిజామునకు చేరెను.

కొండ పాదమున నున్న రంగినీమహలు కమానులతో, గచ్చుపనితో ఇస్లామీయ వాస్తుచ్ఛాయను చూపుచున్నది. చంద్రగిరి రాజమహలుతో దీనిని పోల్చుట పరిశోధకులకు ఉపకరించును. కలప వాడక, రాయి, ఇటుక, సున్నములతోనే మూడంతస్తులు లేపిన విజయనగరపు పనితనము చంద్రగిరిది. కఱ్ఱ కొఱతగల సీమలో కమాను అలంకారము మాత్రమే కాదు, అవసరము కూడ.

సోంపాలెమున చెన్నకేశవాలయము విజయనగర శిల్పమునకు ఒక మచ్చుతునక. ఆలయము ముందటి ఏకశిలాస్తంభము సన్నముగ, అత్యున్నతముగ నిలిచి దూరమునకే కాననగును. కల్యాణమండపపు స్తంభములయందు శిల్పి చేతి నైపుణ్యము పరాకాష్ఠనందినది. పైకప్పు చిత్రములు లేపాక్షి చిత్రములతో కలిపి అధ్యయనము చేయదగినవి. ఇంత ఏకశిలను పగులకుండ నెట్లు విడదీసిరి, ఎట్లు నిలిపిరి అను ప్రశ్నకు సమాధానము గ్రంథములలో కంటె ఈ సీమ వడ్డెరుల చేతిపనియందు వెదకవలెను.

పుంగనూరులోని జమీందారుల కోటయు, కుప్పము సమీపమున కొండనంటియున్న కంగుంది దుర్గశిథిలములును మఱియొక తరగతికి చెందినవి. ఇవి పెద్ద రాజ్యములవి కావు. పాలెగాడు జమీందారుగా మారిన పరిణామమునకు ఇవి రాతిసాక్ష్యములు. పాలెగాడు కొండపై నుండవలెను. జమీందారు ఊరిలో నుండవలెను. కంగుంది కొండనుండి కుప్పము పేటకు అధికారము దిగివచ్చిన తీరు ఈ మార్పునే సూచించుచున్నది. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దుచట్టముతో జమీందారీలు ముగిసినవి. భూమి రైతునకు దక్కుట న్యాయమే. కాని శిస్తు ఆగినతోడనే, దానిపై నిలిచిన భవనములకు ఏటేటి మరమ్మతు గూడ ఆగెను. ఆ భవనముల భవిష్యత్తును గూర్చి ఆ చట్టము ఆలోచింపలేదు.

మిద్దె

ఇక సామాన్యుని ఇంటికి వత్తము. ఈ సీమలో పూరికొట్టము, పెంకుటిల్లు, మిద్దె అను మూడు రీతులు కలవు. వీనిలో సీమ స్వభావమును సంపూర్ణముగ చూపునది మిద్దె.

మిద్దె గోడ రాయి, మట్టి కలిపి కట్టినది. రెండడుగుల మందమునకు తగ్గుట అరుదు. పగటి ఎండను గోడ త్రాగి లోనికి రానీయదు. రాత్రి చలికి ఆ వేడినే మెల్లగా విడచును. గోడలమీదను కంబములమీదను దూలములు. దూలములకు అడ్డముగ దంతెలు. దంతెలపై చీల్చిన కఱ్ఱపేళ్ళుగాని, రాయి సులభముగ దొరకుచోట బండలుగాని పఱతురు. దానిపై రొట్టయో బోదయో, దానిపై తడిపి త్రొక్కిన మట్టి, అన్నిటికి పైన చవుడు. చవుటిమన్ను పంటకు పనికిరానిది. కాని తడిసినతోడనే దాని రేణువులు విడి, మెత్తగా సందులను మూసి, నీటిని క్రిందికి దిగనీయవు. పొలమునకు శత్రువైన మన్ను ఇంటికి రక్షకమగుట ఈ సీమ బుద్ధిసూక్ష్మతకు నిదర్శనము. ఏటేట తొలకరికి ముందు క్రొత్త చవుడు పోసి అణచవలెను. వాననీరు నిలువకుండ కప్పునకు ఏటవాలు నిచ్చి, గోడ దాటించి దోనిని అమర్తురు. నడుమ గవాక్షము వెలుతురునకు, పొగ పోవుటకు. వాన వచ్చినచో దానిపై బండ మూయుదురు.

కలిగినవారి ఇండ్లు తొట్టికట్టు రీతివి. నడుమ ఆకాశమునకు తెరచిన తొట్టి, చుట్టును పడసాల, కంబముల వరుస, వెనుక వంటయిల్లు, పశువుల కొట్టము. వీధివైపున తిన్నె. బాటసారి కూర్చుండుటకు, పంచాయతీ జరుగుటకు, వేసవిరాత్రి పరుండుటకు అదియే చోటు. కోస్తాలో అరుగన్నదానిని ఇచ్చట తిన్నె యందురు. తమిళులకది తిణ్ణై, కన్నడిగులకు జగలి. మూడు భాషల కూడలియందు తిన్నె ఒక భాషాశాస్త్రపాఠము.

బండను పొందు విధానమును చెప్పదగినదే. నల్లరాతి మిట్టపై చుట్టును కఱ్ఱలు పేర్చి సన్నని మంట పెట్టుచు మెల్లగా జరుపుకొనుచు పోయినచో, పైపొర వేడికి వ్యాకోచించి క్రింది రాతినుండి విడివడును. దానిని ఉలితో గీటు వెంట చీల్తురు. నిలువుపలకలు దొడ్డికి కంచెగను, పొలమునకు గట్టుగను, కొన్ని ఇండ్లకు గోడగను పనికివచ్చును. దక్షిణపీఠభూమియందు ఇది పూర్వము వాడుకలోనున్న పని. నేడు యంత్రపు రంపము పర్వతమునే చెక్కగా కోయుచున్నది. కుప్పము పచ్చరాయి అంతర్జాతీయ విపణిలో ఆ ఊరిపేరుననే అమ్ముడగుచున్నది. ఇచ్చటి రాయి పరదేశపు హర్మ్యములకు తరలుచుండగా, ఇచ్చటి యింటికి సిమెంటు పరసీమనుండి వచ్చుచున్నది.

చట్టము చూచునది, చూడనిది

1904లో కర్జను కాలమున ప్రాచీనకట్టడముల పరిరక్షణచట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1958లో కేంద్రచట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును అమలులోనికి వచ్చినవి. కేంద్రచట్టము ప్రకారము ప్రాచీనకట్టడమనగా నూరేండ్లకు తక్కువగాక నిలిచియున్నది. 2010 నాటి సవరణచే రక్షితకట్టడమునకు నూరు మీటర్లలోపల నిర్మాణము నిషిద్ధము; ఆ పైని రెండువందల మీటర్లు నియంత్రితము. గుఱ్ఱంకొండ మహలువంటి కట్టడములు నేడు నిలిచియున్నవన్నచో ఇట్టి చట్టముల బలమును కాదనరాదు.

కాని ఈ చట్టముల దృష్టి ప్రధానముగ ఒక్కొక్క కట్టడముమీదనే. నూరు మీటర్ల వలయములో ఊరివారి యిల్లు రక్షింపవలసిన వస్తువుగా కాక, అడ్డుగా కనబడును. మెకంజీ కైఫియత్తులో ఒకటిగానున్న ఊరు, చట్టములో రెండుగా చీలినది: ఒకటి స్మారకము, రెండవది పరిసరము.

ఇండొనీసియాలో 1931 నాటి డచ్చి శాసనము గూడ ప్రధానముగ స్మారకములనే చూచినది. 1992లో క్రొత్తచట్టమును, 2010లో పదునొకండవ సంఖ్యగల సాంస్కృతికవారసత్వచట్టమును వచ్చినవి. ఈ చివరి చట్టము వారసత్వమును ఐదు తెఱగులుగ విభజించినది: వస్తువు, భవనము, నిర్మాణము, స్థలము, ప్రాంతము. వయఃపరిమితి అర్ధశతాబ్దము. ప్రాంతమను పదముతో ఊరు మరల ఒకటైనది. మనకు నూరేండ్లు, వారికి ఏబది. మనకు కట్టడము, వారికి కట్టడముతోబాటు పేటయు. ఈ రెండు భేదములు చిన్నవి కావు.

అయినను చట్టము వ్రాసినంతనే ఇల్లు నిలువదు. జావా సంప్రదాయగృహమగు జోగ్లోను చూడుడు. నడుమ నాలుగు టేకు కంబములు, వానిపై మెట్లుమెట్లుగా పేర్చిన దూలములు, ఎత్తైన కప్పు. మేకులు లేక కీలుకట్టుతో అమర్చినది గనుక విప్పి తరలించుట సులువు. ఆ సులువే దానికి ముప్పైనది. పాత జోగ్లోలను విప్పి సంపన్నులకును వసతిగృహములకును అమ్ముట సాగినది. 2006 భూకంపమున యోగ్యకర్త సమీపముననున్న కొతగెదె పట్టణమున పెక్కు జోగ్లోలు కూలినవి. కొతగెదె పూర్వము మతరాం సుల్తానుల రాజధాని, వెండిపనికి ప్రసిద్ధము. కూలిన యింటిని తిరిగి కట్టుకొను శక్తిలేని కుటుంబములకు దూలములను అమ్ముకొనుటయే దారిగా కనబడెను. అట్టి వేళ గజమద విశ్వవిద్యాలయము అచ్చటి జోగ్లో నొకదానిని కొని, బాగుచేసి, ప్రజోపయోగమునకు నిలిపినది. దానిని ఒమా యూజీయం అందురు. ఒమా యనగా జావాభాషలో ఇల్లు. ప్రపంచవారసత్వపు ఆలయములకు కూతవేటు దూరమున ఒక విశ్వవిద్యాలయము సామాన్యమైన ఇంటిని కాపాడుట ఈ వ్యాసమునకు కేంద్రమైన ఉదాహరణము.

ఆక్షేపములు

ఇచ్చట రెండు ఆక్షేపములు రావచ్చును. మిద్దెలో కాపురముండువారికి దానిపై మనకున్న మమకారము లేదనునది మొదటిది. చవుడు ఏటేట పోయవలెను. పోయనియేడు ఇల్లు కాఱును. గోడసందులలో తేళ్ళు చేరును. దూలమునకు చెద పట్టును. చవుడు మోయు కూలి దొరకదు. కాన్క్రీటు కప్పు వేసికొన్నవాడు తప్పు చేసినాడనుట అన్యాయము. బయటివాడు చిత్రము తీసికొనుటకై ఒకడు కాఱు ఇంటిలో నుండవలెనా? ఈ ఆక్షేపము బలమైనది. దీనికి నా సమాధానమిది: ఇండ్లన్నిటిని నిలుపుమని కోరుట లేదు. ఊరికొక్కటియైనను, యజమాని సమ్మతితో, మరమ్మతు భారమును సంఘము వహించి నిలుపవలెను. తక్కినవానిని కూలుటకు ముందు కొలిచి వ్రాసికొనవలెను.

రెండవది, మిద్దెలు వేలకొలది యుండగా వానిలో చారిత్రకవిశేష మేమనునది. సమాధానము పుంగనూరు ఆవే చెప్పగలదు. ఒకప్పుడు ఈ సీమలో ఇంటింటనుండిన ఆ పొట్టిజాతి ఆవు, సామాన్యమైనదని యుపేక్షింపబడి, అంతరించుపోవు స్థితికి వచ్చిన పిదప గాని దాని విలువ తెలియలేదు. పలమనేరు పశుపరిశోధనస్థానమున దానిని ప్రత్యేకముగ పెంచి వృద్ధిచేయవలసి వచ్చెను. ఆవు విషయమున మేలుకొన్న మనము, ఆ ఆవును కట్టివేసిన కొట్టము విషయమున ఏల నిద్రింపవలెను? సామాన్యవస్తువు సామాన్యముగనే మాయమగును, ఎవ్వరును గమనింపరు.

తెలుగు శాఖల కర్తవ్యము

ఇది పురావస్తుశాఖ పని, మనకేమి సంబంధమని తెలుగు పరిశోధకు డనరాదు. ఇల్లు కూలినప్పుడు రాయి, కఱ్ఱ మాత్రమే పోవు. వానితో మాటలు గూడ పోవును. దంతె, పేడు, గవాక్షము, దోని, తొట్టికట్టు, తిన్నె మున్నగునవి వస్తువున్నంతకాలమే నాలుకపై నుండును. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఈ సత్యమును గ్రహించియే మాండలిక వృత్తిపదకోశములను తలపెట్టినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయపదకోశము 1962లోను, బూదరాజు రాధాకృష్ణగారి వాస్తుపదకోశము 1968లోను వెలువడినవి. మనదేశమున ఇంటిని రక్షితవస్తువుగా గుర్తించినది మొదట చట్టము కాదు, నిఘంటువని చెప్పినను అతిశయోక్తి కానేరదు. కాని పదకోశమున మాట యొకచోట, దాని కొలత యొకచోట, దానిని కట్టిన చేయి యింకొకచోట నుండును. ఆ మూడింటిని కలుపుట మిగిలియున్న పని.

అందుకు కైఫియత్తు పద్ధతియే మేలైనది. ఒక పరిశోధకవిద్యార్థి ఒక ఊరిని తీసికొనవలెను. మిగిలిన మిద్దెలలో ఒకదానికి నేలపటము గీయవలెను. ప్రతిభాగమునకు ఇంటివారు వాడు మాటను, వడ్డెరి వాడు మాటను, వడ్రంగి వాడు మాటను వేర్వేరుగ వ్రాయవలెను. ఆ మూడు భిన్నములగుట తఱచు. ఇల్లు కట్టిన తరము, కలప తెచ్చిన అడవి, బండ తీసిన మిట్ట, చవుడు త్రవ్విన చోటు నమోదు కావలెను. పొలిమేరలోని వీరగల్లును, చెఱువుతూమును గూడ ఆ పటమున చేర్చవలెను. ఇట్టివి పది ఊళ్ళకు సిద్ధమైనచో, రెండువందల ఏండ్ల క్రిందట కరణము దండకవిలె విప్పి చెప్పినదానిని మనము కొనసాగించినవారమగుదుము. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలియు కుప్పమునందే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. తిన్నెకును, తిణ్ణైకిని, జగలికిని గల చుట్టరికమును నిర్ణయించుటకు ఇంతకంటె అనువైన స్థానము లేదు. గజమద విశ్వవిద్యాలయమువలె ఒక తొట్టికట్టు ఇంటిని సంపాదించి, ఏటేట విద్యార్థులచేతనే చవుడు పోయించి నిలుపుట అసాధ్యమైన పని కాదు. అట్టి యిల్లు ప్రదర్శనశాల కాదు, పాఠశాల యగును.

ప్రంబనానులో కూలిన రాయికి పూర్వస్థానము తెలియుటకు ప్రక్కరాయి మిగిలియుండుట కారణము. అంచులు సరిపోల్చి, ఇది దీని ప్రక్కదని నిర్ణయించిరి. రాయి పడియుండును గనుక శతాబ్దములు వేచియుండగలిగెను. మట్టిమిద్దె అట్లు వేచియుండదు. కప్పు కూలిన రెండు వానలకు గోడ కరగును. నాలుగవ యేటికి అచ్చట దిబ్బ మిగులును. ఆ దిబ్బను చూచి మిద్దె ఆకారమును నిర్ణయింపగల పండితుడు ఏ దేశమునను లేడు. నిలిచియున్న దినములలోనే దానిని కొలువవలెను, కట్టినవాని నోటిమాటను ఆతడుండగనే వ్రాసికొనవలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో అట్టి ఇండ్లు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిలో దీపము వెలుగుచుండగనే మన పరిశోధకులు ఆ గడపలు ద్రొక్కుదురు గాక.